మిలిటరీ ట్రక్కుతో ట్రైలర్ లాగేముందు డాష్‌బోర్డు మీది ప్లేటు చదవండి

పాత మిలిటరీ ట్రక్కు చేతికి రాగానే ఎవరైనా అడిగే మొదటి మాట "ఇది ఎంత బరువు లాగుతుంది?" అని. మూడు ఇరుసులూ నడిచే బండి, మనిషి నడుమెత్తు టైర్లు, చిన్న గది అంత బానెట్. చూస్తే వెనక ఇల్లు తగిలించినా లాగేస్తుందనిపిస్తుంది. నిజంగానే లాగుతుంది. ట్రాన్స్‌ఫర్ కేస్‌ని (ఇంజను బలాన్ని ముందు, వెనక ఇరుసులకు పంచే గేరు పెట్టె) తక్కువ రేంజిలో వేసి, మొదటి గేరులో మెల్లగా క్లచ్ వదిలితే వెనక ఏది తగిలించినా కదులుతుంది. అందుకే ఆ ప్రశ్నతో ఉపయోగం లేదు. ఈ బళ్లకు లాగే బలం ఎన్నడూ తక్కువ కాలేదు. తక్కువైనవి వేరే: బ్రేకులు, వేడిని వదిలించుకునే దారి, టైర్లు, వేగం. ట్రైలర్ తగిలించాక జరిగే అనర్థాల్లో చాలావాటికి మూలం, ఈ బండి ఇప్పటి లారీలా పరిగెత్తాలని దాన్ని నడిపేవాడు ఆశపడటమే.

ఇక్కడ ఎక్కువగా అమెరికా సైన్యపు ఎం35ఏ2 గురించే రాస్తాను. రెండున్నర టన్నుల తరగతి, మల్టీఫ్యూయల్ ఇంజను (డీజిలే కాక వేరే ఇంధనాలతోనూ నడిచేది), 24 వోల్టులు. దానికి ముందు తరం, అంటే 1941 నుంచి 1945 దాకా అయిదు లక్షలకు పైగా తయారైన జీఎంసీ సీసీకేడబ్ల్యూ, అవసరమైన చోట వస్తుంది. మిగతా ఏ బండికైనా లెక్క ఇదే, అంకెలు మారతాయంతే.

ఎం35ఏ2 డాష్‌బోర్డు మీద రేకు ప్లేట్లు బిగించి ఉంటాయి. వాటి ప్రకారం లాగదగిన బరువు రోడ్డు మీద 10,000 పౌండ్లు, అంటే సుమారు 4,500 కిలోలు. రోడ్డు లేని చోట 6,000 పౌండ్లు, సుమారు 2,700 కిలోలు. ఖాళీ బండి బరువే దాదాపు 13,000 పౌండ్లు, అంటే 5,900 కిలోలు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి: తనలాంటి ఇంకో ఎం35ని లాగడం కూడా ఈ బండికి ప్లేటు దాటిన పనే! సైన్యంలో ఆ పనికి అయిదు టన్నుల తరగతిలో ఎం543, ఎం816 లాంటి రెక్కర్లు, అంటే చెడిపోయిన బళ్లను లాక్కెళ్లే ట్రక్కులు, విడిగా ఉండేవి.

"సైన్యంలో దీని కన్నా ఎక్కువే లాగేవాళ్లు కదా" అనేవాళ్లు ఉంటారు. లాగేవాళ్లు, కాదనను. కాన్వాయ్ నెమ్మదిగా పోయేది, వెనకే వర్క్‌షాప్ వచ్చేది, ఇంజను పోతే ఇంకో ఇంజను దించేవాళ్లు. ఆ నష్టం వాళ్ల లెక్కలో ముందే ఉంది, మన లెక్కలో లేదు.

ఇప్పుడు ఆపడం సంగతి. ఖాళీ ఎం35 గంటకు 70 కిలోమీటర్ల వేగంతో పోతుంటే దాన్ని ఆపడానికి డ్రమ్ములు మింగాల్సిన శక్తి దాదాపు 1.1 మెగాజౌళ్లు. వెనక 4,500 కిలోల ట్రైలర్ ఉంటే అది 2 మెగాజౌళ్లకు చేరుతుంది. అదే జోడీ 90లో పోతే 3.2. వేగం పెరిగింది 20 కిలోమీటర్లే, బ్రేకుల మీద భారం మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. ఇది ఒక్కసారి ఆపడానికి. ఘాట్ దిగేటప్పుడు లెక్క ఇంకో స్థాయికి పోతుంది. వందకు ఆరు వాలున్న రోడ్డు మీద అయిదు కిలోమీటర్లు దిగితే ఎత్తు 300 మీటర్లు తగ్గుతుంది. ఆ జోడీ వదిలేసే శక్తి 30 మెగాజౌళ్లు. టైర్ల రాపిడి, గాలి కలిసి కొంత తిన్నా, మిగిలినది 70 వేగం నుంచి పదిసార్లకు పైగా ఆపినంత, అదీ ఏడెనిమిది నిమిషాల్లో. ఇంజను దాన్ని పట్టి ఉంచకపోతే ఆ వేడంతా డ్రమ్ముల్లోకే పోవాలి. డ్రమ్ము వేడెక్కితే వ్యాకోచించి షూకి దూరమవుతుంది, పెడల్ ఇంకా లోతుకు పోతుంది, లైనింగ్ పట్టు తగ్గుతుంది. పెడల్ చివరికంటా తొక్కేశాక చేయగలిగింది ఏమీ ఉండదు.

ఎం35ఏ2 బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలియకుండా దాని వెనక ట్రైలర్ కట్టకూడదు. పెడల్ మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది. అక్కడి నుంచి ఫ్లూయిడ్ ఎయిర్ ప్యాక్‌కి వెళ్తుంది. ట్యాంకుల్లోని గాలి అక్కడ ఆ ఒత్తిడిని పెంచుతుంది. పెరిగిన ఒత్తిడి ఆరు డ్రమ్ములకూ పోతుంది. అంతా ఒకే సర్క్యూట్. ఒక వీల్ సిలిండర్ కప్పు కారినా, ఒక హోసు పగిలినా ఆరింటి బ్రేకూ పోతుంది. దీన్ని పూర్తి ఎయిర్ బ్రేకు అనుకుని "గాలి పోతే వాటంతట అవే పట్టేస్తాయిలే" అని ధైర్యంగా తిరిగేవాళ్లను చూస్తే భయమేస్తుంది. ఈ ట్రక్కులో గాలి పోతే బ్రేకు పట్టదు. పెడల్ రాయిలా గట్టిపడుతుంది, రెండు కాళ్లతో నిలబడి తొక్కితే కొంత పడుతుంది, అంతే. ఫ్లూయిడ్ పోతే ఇంకా ఘోరం. గేజిలో గాలి నిండుగానే కనిపిస్తుంది, హెచ్చరిక బజర్ మోగదు, పెడల్ నేరుగా నేలకు ఆనుతుంది. సీసీకేడబ్ల్యూలో గాలి బదులు ఇంజను వాక్యూమ్‌తో నడిచే హైడ్రోవాక్ ఉంటుంది. ఇంజను ఆగిపోతే కాసేపట్లో ఆ సాయం కూడా పోతుంది. అదీ ఒకే సర్క్యూట్టే.

హ్యాండ్ బ్రేకు ఉంది కదా అంటారు. అది చక్రాల దగ్గర లేదు, ట్రాన్స్‌ఫర్ కేస్ వెనక ప్రొపెల్లర్ షాఫ్ట్ మీదున్న ఒక్క డ్రమ్ము. నిలిపిన బండిని పట్టి ఉంచడానికే. వేగంలో లాగితే లైనింగ్ నిమిషాల్లో పొగలు కక్కుతుంది, ఆ కుదుపంతా జాయింట్ల మీద పడుతుంది. చివరి ఆశగా వాడుకోవచ్చు, లెక్కలో మాత్రం వేసుకోకూడదు.

అందుకే ట్రైలర్ కట్టే రోజున మాస్టర్ సిలిండర్ మూత తప్పనిసరిగా తీసి చూడాలి. డ్రైవరు కాళ్ల కింద ఉంటుంది, మురికి ప్రాంతం, చాలామంది బద్ధకిస్తారు. ముందు మూత చుట్టూ తుడవండి, లేకపోతే ఇసుక లోపల పడి కప్పులను కోస్తుంది. మట్టం అంచుకు అర అంగుళం కింద ఉండాలి. తగ్గి ఉంటే నింపేసి వదిలెయ్యకండి. ఎక్కడికి పోయిందో కనిపెట్టాలి. చక్రాల లోపలి వైపు తడి ఉందా? హోసుల దగ్గర ఉందా? ఎక్కడా చుక్క కనపడకుండా మట్టం తగ్గుతుంటే అనుమానించాల్సింది ఎయిర్ ప్యాక్‌నే. లోపలి సీలు పోతే ఫ్లూయిడ్ గాలి వైపుకు చేరి, కింద నేల మీద మచ్చ పడకుండా మాయమవుతుంది. చక్రం లోపలి వైపు తడి ఉంటే వేలితో ముట్టి వాసన చూడండి. చిక్కగా, ఘాటుగా ఉంటే అది గేర్ ఆయిల్, అంటే హబ్ సీలు పోయింది. ఆయిలు పీల్చిన లైనింగ్‌ని పెట్రోలుతో కడిగి మళ్లీ వేసేవాళ్లున్నారు. పనికిరాదు, వేడెక్కగానే లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. మార్చాల్సిందే.

ఈ బళ్లలో 1980ల నుంచి సిలికాన్ ఫ్లూయిడ్, అంటే డాట్ 5, పోస్తూ వచ్చారు. ఊదారంగులో ఉంటుంది. దాంట్లో డాట్ 3, డాట్ 4 కలపకూడదు, అవి కలవవు. ఇంకో సంగతి: సిలికాన్ నీటిని పీల్చదు కాబట్టి లోపలికి చేరిన నీరు పల్లంలో, అంటే వీల్ సిలిండర్ అడుగున, నిలిచి అక్కడే తుప్పు పట్టిస్తుంది. "సిలికాన్ పోశాం, ఇక జన్మలో మార్చక్కర్లేదు" అనే మాట అందుకే తప్పు.

రబ్బరు హోసుల విషయంలో బయటి పగుళ్లు అందరూ చూస్తారు. లోపలి గోడ ఉబ్బడం ఎవరికీ కనపడదు. పెడల్ ఒత్తిడితో ఫ్లూయిడ్ లోపలికి పోతుంది, పెడల్ వదిలాక వెనక్కి రాదు. ఆ చక్రం కొద్దిగా పట్టే ఉండి, ఇరవై కిలోమీటర్లకు డ్రమ్ము కాలిపోతుంది. వయసు తెలియని హోసులుంటే అన్నీ ఒకేసారి మార్చెయ్యడమే చవక. ఆ తర్వాత డబ్బు మిగిలితే రెండు సర్క్యూట్ల మాస్టర్ సిలిండర్‌కి మార్పించండి. అసలు రూపం చెడిపోతుందని గొణిగేవాళ్లు గొణుగుతారు. ప్రదర్శనకు మాత్రమే బండి బయటికి తీసేవాళ్లయితే వాళ్ల మాట వినొచ్చు. రోడ్డు మీద ట్రైలర్ లాగేవాళ్లు విననక్కర్లేదు.

అయితే చాలామంది డబ్బు పెట్టేది అక్కడ కాదు, ఇంజను మీద. 7.8 లీటర్ల ఆ మల్టీఫ్యూయల్ ఇంజను ఇచ్చేది 130, 140 హార్స్‌పవర్ మధ్య. పూర్తి బరువుతో వందకు ఆరు ఎక్కుడులో గంటకు 40 దాటడం కష్టం. దాంతో ఇంధన పంపు స్క్రూ తిప్పి డీజిలు పెంచుతారు. ఈ ఇంజనుకి, అంటే ఎల్‌డీటీ-465కి, టర్బో బిగించింది ప్రధానంగా పొగ తగ్గించడానికి, బలం పెంచడానికి కాదు. ఇంధనం పెంచితే పొగతో పాటు ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది. టర్బోకి ముందు పైరోమీటర్ (ఎగ్జాస్ట్ వేడి చూపే మీటరు) బిగించి 650 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవాలి. పైరోమీటర్ లేకుండా స్క్రూ తిప్పడం అంటే పిస్టన్లతో జూదమాడటం. ఈ ఇంజన్లకు హెడ్ గాస్కెట్ బలహీనత ఎలాగూ ఉంది.

ట్రైలర్‌తో అయిదో గేరు వాడొద్దు. నాలుగోది డైరెక్ట్, అయిదోది ఓవర్‌డ్రైవ్. బరువుతో ఓవర్‌డ్రైవ్‌లో పోతే ఇంజను తక్కువ తిరుగుడులో మూలుగుతూ లాగుతుంది, ఎగ్జాస్ట్ వేడి అప్పుడే ఎక్కుతుంది. 9.00-20 టైర్ల మీద నాలుగో గేరులో గంటకు 65 అంటే ఇంజను నిమిషానికి 2,300 చుట్ల దగ్గర తిరుగుతుంది. ఈ జోడీకి హాయైన వేగం అదే. వెనక కార్లు హారన్ కొడతాయి, కొట్టనివ్వండి. చోటు దొరికినప్పుడు పక్కకు తీసి దారి ఇవ్వండి.

దిగుడులో అసలు పరీక్ష. ఏ గేరులో ఆ కొండ ఎక్కగలదో అదే గేరులో దిగాలి. అనుమానముంటే ఇంకోటి తగ్గించాలి. గేరు మార్చాల్సింది దిగుడు మొదలవక ముందే. మధ్యలో న్యూట్రల్‌లోకి తెచ్చి కింది గేరు దొరకక తడబడితే, ఆ కొన్ని సెకన్లలోనే బండి అందుకునే వేగానికి ఆ గేరు ఇక పడదు. ఎం35లో మొదటి గేరుకు సింక్రో (గేర్ల వేగాలను తనే కలిపే ఏర్పాటు) లేదు, డబుల్ క్లచ్ (న్యూట్రల్‌లో ఒకసారి క్లచ్ వదిలి, మళ్లీ తొక్కి గేరు వేయడం) అలవాటు లేనివాడు దిగుడులో దాని జోలికి పోకూడదు.

ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఇంజను గరిష్ఠ తిరుగుడు 2,600. గవర్నర్ (ఇంజను మరీ వేగంగా తిరగకుండా ఇంధనం తగ్గించే పరికరం) ఉంది కదా, దాటనివ్వదు అనుకుంటారు. గవర్నర్ ఇంధనాన్ని ఆపగలదే గానీ, చక్రాలు వెనక నుంచి ఇంజనుని తిప్పుతుంటే దాన్ని ఆపలేదు. పది టన్నుల బరువు వెనక నుంచి నెడుతుంటే తిరుగుడు 2,600 దాటి 3,000 వైపు పోతుంది, కనెక్టింగ్ రాడ్డు బ్లాకుని చీల్చుకుని బయటికి వస్తుంది. ఏ గేరులో ఎంత వేగం మించకూడదో డాష్‌బోర్డు ప్లేటు మీదే ఉంటుంది. దిగుడులో చూడాల్సింది టాకోమీటర్. అది 2,300 దాటగానే బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి 1,800కి దించి, పూర్తిగా వదలాలి. మళ్లీ పెరిగితే మళ్లీ అంతే. పెడల్ మీద కాలు ఆనించి దారంతా రాస్తూ దిగితే డ్రమ్ములకు చల్లారే విరామమే దొరకదు.

ఈ భారమంతా ట్రక్కు బ్రేకులే మోయక్కర్లేదు, ట్రైలర్‌కి పనిచేసే బ్రేకులుంటే. ఎం105 లాంటి ఒకటిన్నర టన్నుల మిలిటరీ ట్రైలర్‌కి గాలితో నడిచే హైడ్రాలిక్ బ్రేకులుంటాయి. ట్రక్కు వెనక రెండు గ్లాడ్ హ్యాండ్లు, అంటే గాలి హోసులు తగిలించే కప్లింగులు: ఒకటి ఎమర్జెన్సీ లైను, ఎప్పుడూ గాలి ఉంటుంది. రెండోది సర్వీస్ లైను, పెడల్ తొక్కినప్పుడే గాలి వస్తుంది. వీటి దగ్గరే రెండు కటాఫ్ వాల్వులుంటాయి. హోసులు తగిలించి వాల్వులు తెరవడం మర్చిపోవడం అతి మామూలు పొరపాటు. ట్రైలర్ హాయిగా వెనకే వస్తుంది, ఏ తేడా తెలియదు, మొదటి దిగుడు దాకా. అందుకని ఒకరు పెడల్ తొక్కాలి, ఒకరు వెనక నిలబడి ట్రైలర్ బ్రేకు పట్టిన చప్పుడు వినాలి. ఆ తర్వాత ఎమర్జెన్సీ హోసు ఊడదీస్తే ట్రైలర్ తనంతట తాను బ్రేకు పట్టాలి. పట్టకపోతే దాని ట్యాంకులో గాలి లేదు, లేదా వాల్వు పాడైంది. ఆ ట్రైలర్ ఆ రోజు కదలకూడదు. ఇక రెండో ప్రపంచ యుద్ధకాలపు ఒక టన్ను ట్రైలర్లకు ఉన్నది చేతి బ్రేకు మాత్రమే. వాటిని కట్టి పెద్ద బరువుతో ఘాట్ దిగడం నాకు సమ్మతం కాదు.

మామూలు సివిల్ ట్రైలర్ కడితే ఇంకో చిక్కు. దాని లైట్లు, ఎలక్ట్రిక్ బ్రేకులు 12 వోల్టులవి. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 లాగేసుకుంటే ఆ బ్యాటరీ ఎప్పుడూ సగమే నిండుతుంది, రెండోది ఎక్కువ చార్జై ఉడుకుతుంది. 24 నుంచి 12కి దించే కన్వర్టర్ పెట్టాలి. ఒక్కో బ్రేకు అయస్కాంతం మూడు ఆంపియర్ల దాకా తీసుకుంటుంది. రెండు ఇరుసుల ట్రైలర్‌కి నాలుగుంటే పన్నెండు, లైట్లు అదనం. 30 ఆంపియర్లది తీసుకుంటే నిశ్చింత.

పింటిల్ హుక్, అంటే ట్రైలర్ రింగుని పట్టుకునే ట్రక్కు వెనకి కొక్కెం, ఎగుడుదిగుళ్ల కోసం చేసింది. ట్రైలర్ అన్ని వైపులకూ మెలి తిరగగలదు, బదులుగా రింగుకీ హుక్కుకీ మధ్య వదులుంటుంది. రోడ్డు మీద అది సుత్తిదెబ్బల్లా కొట్టుకుంటుంది. గ్రీజు రాస్తే అరుగుదల తగ్గుతుంది. రింగు అడ్డంగా అరిగి కోడిగుడ్డు ఆకారం వచ్చిందంటే మార్చాలి. గొళ్లెం పిన్ను బదులు ఇనుప తీగ ముక్క దూర్చడం అన్నిచోట్లా కనిపించే తెలివితక్కువ పని. ఎం35 హుక్కు ఎత్తులో ఉంటుంది కాబట్టి సివిల్ ట్రైలర్ ముక్కు పైకి లేచి బరువు వెనక్కి జారుతుంది, 60 దాటగానే తోక ఊపడం మొదలవుతుంది. హుక్కుని కిందికి దించే ప్లేటు బిగించి ట్రైలర్‌ని సమంగా నిలపండి. మొత్తం బరువులో పది నుంచి పదిహేను శాతం హుక్కు మీద పడాలి. 3,000 కిలోల ట్రైలర్‌కి అది 300 నుంచి 450 కిలోలు.

టైర్ల దగ్గర మోసపోవడం తేలిక. మిలిటరీ స్టాకులోని టైరు అరగకుండా నల్లగా మెరుస్తూ ఉంటుంది, పుట్టి పాతికేళ్లు దాటి ఉంటుంది. పక్కగోడ మీద తయారీ వారం, సంవత్సరం అంకెల్లో ఉంటాయి. 2000కి ముందువైతే మూడంకెలే. మూడంకెలు కనిపిస్తే ముందు ఇరుసుకు అసలు వద్దు. పవర్ స్టీరింగ్ లేని బండిలో ముందు టైరు పేలితే స్టీరింగ్ చేతుల్లోంచి లాగేసుకుంటుంది. బొటనవేళ్లు చక్రం లోపలికి దూర్చి పట్టుకుంటే విరుగుతాయి. వెనక రెండు ఇరుసుల మధ్య డిఫరెన్షియల్ లేదు, అవి ఒకదానికొకటి కట్టేసినట్టే తిరుగుతాయి. జంట టైర్ల వ్యాసంలో తేడా అర అంగుళానికి మించితే పెద్ద టైరు బరువంతా మోస్తుంది. ఇరుసుకీ ఇరుసుకీ తేడా ఉంటే షాఫ్ట్‌లు మెలిపడతాయి. తారు రోడ్డు మీద ముందు ఇరుసు కలిపి నడిపినా అదే జరుగుతుంది.

లాక్ రింగు రిమ్ము (టైరుని విడి ఇనుప రింగు పట్టి ఉంచేది) విప్పేముందు వాల్వు కోర్ పూర్తిగా తీసేసి, గాలి చప్పుడు ఆగాక కూడా వైరు దూర్చి చూడాలి. గాలి నింపేది ఇనుప బోనులోనే. రింగు ఎగిరితే తల ఉండదు. ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుంది. ఎటు విప్పాలో మర్చిపోయి పొడవాటి పైపుతో బిగిస్తూ స్టడ్లు తెంపుకునేవాళ్లు ఎప్పుడూ ఉంటారు.

చెడిపోయిన ట్రక్కుని టో బార్‌తో (రెండు బళ్లనూ కలిపే ఇనుప కడ్డీ) లాగాల్సి వస్తే, ట్రాన్స్‌ఫర్ కేస్ న్యూట్రల్‌లో పెట్టి వర్క్‌షాప్ దాకా నెమ్మదిగా పోవచ్చు. దూరమైతే ప్రొపెల్లర్ షాఫ్ట్‌లు విప్పాలి. చక్రాలు వెనక నుంచి తిప్పుతుంటే లోపలి షాఫ్ట్‌లు తిరుగుతాయి గానీ, ఆయిలు చిమ్మాల్సిన గేర్లు తిరగవు. పొడిగా తిరిగి బేరింగులు పట్టేస్తాయి. విప్పేముందు రెండు ఫ్లాంజ్‌ల మీదా సుద్దతో గీత గీసుకోండి, తిరిగి అదే వరసలో బిగించాలి. ఇంకో ముఖ్యమైన మాట: హ్యాండ్ బ్రేకు ఆ షాఫ్ట్ మీదే ఉంది కదా, షాఫ్ట్ విప్పగానే హ్యాండ్ బ్రేకు లాగినా బండిని పట్టేది ఏదీ ఉండదు. నట్లు వదులు చేయకముందే చక్రాలకు రెండు వైపులా అడ్డుచెక్కలు పెట్టాలి.

బయల్దేరిన పాతిక కిలోమీటర్లకు ఆగండి. బ్రేకు ఎక్కువ వాడకుండా, గేర్లతో వేగం తగ్గించుకుంటూ ఆగితేనే ఈ పరీక్షకు అర్థం. టర్బోని మూడు నాలుగు నిమిషాలు ఐడిలింగ్‌లో చల్లారనిస్తూ, చుట్టూ తిరిగి ఒక్కో హబ్బు దగ్గర చేతి వెనకవైపు ఆనించండి. అన్నీ ఇంచుమించు ఒకేలా వెచ్చగా ఉండాలి. ఒకటి మాత్రమే కాలుతుంటే షూ పట్టి ఉంది, హోసు ఉబ్బింది, లేదా బేరింగు బిగువైంది. జాకీ ఎత్తి చేత్తో తిప్పితే తెలుస్తుంది. తిరగకపోతే బ్లీడ్ స్క్రూ (వీల్ సిలిండర్ నుంచి ఫ్లూయిడ్ బయటికి వదిలేది) కొద్దిగా వదలండి. చిమ్మిన ఫ్లూయిడ్‌తో పాటు చక్రం వదులైతే హోసే. దారిలో బ్రేకు వాడాక కూడా ఒకటి మాత్రమే చల్లగా ఉంటే ఆ చక్రం బ్రేకు పనిచేయడం లేదు. ట్రైలర్‌వన్నీ చల్లగా, ట్రక్కువన్నీ వేడిగా ఉంటే వెనక కటాఫ్ వాల్వులు చూడండి.